బ్రాండెస్ గేటు ముందు

గడియారం ఆగి ఉంది, అందుకే ఎంతసేపటి నుంచి ఈ పెట్టె పక్కన కూర్చున్నానో తెలియడం లేదు. దానంతట అది ఆగలేదు, ఎదురింటి బ్రాండెస్ ఆపాడు. మొన్న సాయంత్రం వాకిట్లో ఊరి డాక్టరు కారు చూసి వచ్చినట్టున్నాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని, కుర్చీలో వాలిపోయి ఉన్న అమ్మమ్మ వంక చూసి, గోడ గడియారం అద్దం తెరిచి, లోలకాన్ని వేలితో పట్టి ఆపి, కిటికీ బార్లా తీసి, వచ్చినవాడు వచ్చినట్టే వెళ్లిపోయాడు. అయ్యో పాపం అన్న మాట లేదు. నవంబరు చలి గదిలోకొచ్చి పడింది. ఏం మనిషండీ ఇతను, అన్నాను ప్రసాద్‌తో. మా ఛాయ మాత్రం ఎనిమిదో క్లాసు పిల్లకుండే తెలివంతా మొహంలో పెట్టి ఇక్కడి భాషలో "డామిట్ డీ జేలే రౌస్ కన్, మమ్మీ" అంది, ప్రాణం బయటికి వెళ్లే దారి కోసమట. దారి చూపించాలా మా అమ్మమ్మకి? గుంటూరు జిల్లా నుంచి హానోవర్ దాకా చదువూ భాషా లేకుండా వచ్చిన మనిషికి? అయినా ఆ కిటికీ నేనూ మూయలేదు. ఇప్పుడు అందులోంచి వెన్నా పంచదారా కాలుతున్న వాసన వస్తోంది, పొద్దుటి నుంచీ, బ్రాండెస్ వాళ్ల వంటింట్లోంచే. ఎవరి పుట్టినరోజో. చావు పడ్డ ఇంటి ఎదురుగా కేకులు చేసుకుంటున్నారు, చేసుకోనీ, వాళ్ల ఇల్లు వాళ్లిష్టం.

పదకొండింటికి కారు వస్తుంది. చావుల ఏర్పాట్లు చూసే కంపెనీ నుంచి ఒకాయన నిన్న వచ్చి చక్కటి మర్యాదతో అన్నీ చెప్పి వెళ్లాడు, పెట్టెకి చక్రాల బండి ఉంటుందట, ఎవరికీ శ్రమ ఉండదట, వాకిట్లోంచి నేరుగా కారులోకి, కారులోంచి నేరుగా హానోవర్‌లో దహనానికి. శ్రమ ఉండదు అని ఆయన అన్న ప్రతిసారీ నా గుండెలో రాయి పడింది. అమ్మమ్మ జీవితంలో నన్ను ఏమీ అడగలేదు, చీర అడగలేదు, నగ అడగలేదు, ఇండియా పంపించెయ్యమని అడగలేదు. అడిగింది ఒక్కటే, అదీ నవ్వుతూ, పోయిన వేసవిలో పెరట్లో బఠాణీలు ఒలుస్తూ. "ఒసే రమా, నన్ను బండిలో పెట్టి తోసుకుంటా పోబాకండే. నలుగురు ఎత్తుకోవాల. దారిలో ఓపాలి దించి నా పేరెట్టి పిలవాల. ఆ రెండూ చాలు, మిగతాది మీ ఇష్టం." దానికేం అమ్మమ్మా అన్నాను, చాట అందుకుంటూ. అంత తేలిగ్గా అనేశాను. ఇప్పుడు వరండాలో ప్రసాద్ ఫోను పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, గటింగెన్ నుంచి బయల్దేరిన భాస్కరమూర్తి పొగమంచులో ఎక్కడో చిక్కుకున్నాడని అతని భార్య చెబుతోంది కాబోలు. భాస్కరమూర్తి వస్తే ఇద్దరు. అతని తర్వాత మాకు తెలిసిన తెలుగువాడు అనంతరామ్, అతను కాట్‌బస్‌లో, సరిహద్దుకి అవతల, కమ్యూనిస్టుల వైపు. పిలిస్తే రాగలిగే దూరమే, వీసా రావడానికే నెల పడుతుంది. ఇద్దరు మనుషులు పాడె మోయలేరు. నేనొక చెయ్యి వేస్తానంటే ప్రసాద్ నా వంక చూశాడు, అది కాదనడం కాదు, అప్పటికీ ముగ్గురమే కదా అని లెక్క చూసుకోవడం.

తల దగ్గర దీపంలో పొద్దుతిరుగుడు నూనె పోశాను, నువ్వుల నూనె ఈ చుట్టుపక్కల దొరకదు. వత్తి అమ్మమ్మ చేసిందే. పాత పత్తి చీర చింపి డబ్బా నిండా చేసి పెట్టుకునేది, టీవీలో వాతావరణం చెప్పే మనిషిని చూస్తూ. ఆ మనిషంటే ఎందుకో ఇష్టం, "రోజూ వానొచ్చిద్దని చెప్పటానికి కోటేసుకొస్తాడే పాపం" అనేది. చేతులకి మాత్రం ఎప్పుడూ పని ఉండాలి. మొన్న కూడా బంగాళాదుంప తొక్క తీస్తూనే, సగం తొక్క దుంపకి వేలాడుతూ ఉంది, కత్తి ఒళ్లో ఉంది, మొహంలో బాధ లేదు, చిరాకు లేదు. ఆసుపత్రి నుంచి వచ్చి కోటు విప్పుతూ "ఏం వండుతున్నావే" అన్నాను, రెండోసారి అన్నాక గానీ నాడి పట్టుకోలేదు. ఆ తొక్క సగం తీసిన దుంప ఇంకా వంటింట్లో గిన్నెలో నల్లబడి ఉంది, పారేయలేను, అలా అని దాచుకునే వస్తువా అది.

పసుపు రంగు ఆ వేళ్ల నుంచి చివరిదాకా పోలేదు, లేక నాకే అలా అనిపించేదేమో. దుగ్గిరాల దగ్గర రెండెకరాల పసుపు చేను, ఇరవై నాలుగేళ్లకే మొగుడు పోయినా కౌలుకివ్వకుండా తనే చేసింది, దుంపలు ఉడకబెట్టే రోజుల్లో మా ఇల్లంతా మట్టీ ఆవిరీ పసుపూ కలిసిన వాసన, నా పుస్తకాలకి కూడా. మా అమ్మ నన్ను కని ఏడాది తిరక్కుండా పోతే ఆ చేను మీదే నన్ను పెంచింది, ఆ చేను మీదే గుంటూరులో డాక్టరీ చదివించింది. "ఆడపిల్లకి అంత చదువెందుకు పున్నమ్మా" అన్న పెద్దమనిషితో "నా మొగుడికి జొరం వస్తే చూసేవోడు లేకే గదా పోయాడు, ఇంట్లో ఒక డాక్టరుంటే నీకేమైనా నొప్పా" అన్నదట. నొప్పి అనేదాన్ని ఎప్పుడూ అవతలివాళ్లకే అంటగట్టేది. ఛాయ పుట్టాక నాకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు, ప్రసాద్‌కి పొటాష్ గనిలో షిఫ్టులు, పిల్లని ఎవరు చూస్తారని ఉత్తరం రాస్తే, చేను తమ్ముడి కొడుక్కి అప్పగించి, జాకెట్టు మీద జాకెట్టు తొడుక్కుని, మూటలో పసుపు కొమ్ములతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగింది. కారులో ఈ ఊళ్లోకి వస్తుంటే పేడ వాసన తగిలి అద్దం దించమంది. గడ్డి వాములు చూసింది, పాకలు చూసింది, బీట్‌దుంపల బండి వెనక బురద చూసింది. "ఇదీ మన ఊరేనే, కాస్త చల్లగా ఉందంతే" అంది. తర్వాత మా ఇంట్లో ఫ్రిజ్ చూశాక మాట సవరించుకుంది, "మన ఊరినే తెచ్చి ఇందులో పెట్టారు" అని. నేను హానోవర్ శివార్లలో ఫ్లాట్ తీసుకుందామని ప్రసాద్‌తో పోట్లాడుతున్న రోజులవి, ఈ పల్లెటూళ్లో మాటాడే దిక్కు లేదని. ఆ పోట్లాట అక్కడితో అయిపోయింది.

ప్రసాద్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, నల్ల కోటు, దాని మీద భుజాన మడిచిన తెల్ల తువ్వాలు. "మూర్తి ఇంకా రాలేదు రమా. కారు వచ్చేసరికి వస్తాడో రాడో." నేను తలూపాను. పాపం, అమ్మమ్మ మీద అతనికున్న ప్రేమ వేరే, అల్లుడి అల్లుడినని ఆవిడ దగ్గర వేళాకోళాలాడేవాడు, గని నుంచి ఉప్పు దుమ్ముతో వస్తే "మా మనవరాలి మొగుడు ఊరగాయలో పడి వచ్చాడు" అని ఆవిడ దిష్టి తీసేది.

ఈ రెండు రోజుల్లో బ్రాండెస్ తప్ప ఊళ్లో ఒక్కరూ తొంగి చూడలేదు. ఎవరికీ మేం చెప్పలేదు మరి, ఊరికే జనాన్ని ఇబ్బంది పెట్టడమెందుకని ప్రసాదూ నేనూ అనుకున్నాం, పదమూడేళ్లుగా ఇక్కడ మా పద్ధతి అదే, నమస్కారానికి నమస్కారం, ఎవరి ఇల్లు వాళ్లది. ఊరిని వాడుకున్నది అమ్మమ్మే. రోజూ పొద్దున్నే పాల గిన్నెతో రోడ్డు దాటి బ్రాండెస్ పశువుల కొట్టానికి పోయేది, ఆవులతో తెలుగులో మాట్లాడేది, అవి వినేవో ఏమో, ఆయన మాత్రం వినేవాడు. ఒకసారి ఈనిన ఆవుకి పసుపు రాసి నుదుట కుంకుమ బొట్టు పెట్టి వచ్చింది. కొంప మునిగింది, పోట్లాటకొస్తారు అనుకున్నాను నేను. ఆ ఆవు బొట్టుతోనే నాలుగు రోజులు మేతకెళ్లింది, ఆయన తుడవలేదు. డెబ్బై దాటిన మనిషిని "అబ్బాయ్" అని పిలిచేది. వయసులో ఆవిడకన్నా నాలుగైదేళ్లు చిన్నేమో అంతే, "అయితే అబ్బాయే గదా" అనేది. ఆయన ఈవిడని ఒమా అనేవాడు, వాళ్ల భాషలో అమ్మమ్మ అని, మా ఛాయ స్నేహితులంతా అలాగే పిలిచేవాళ్లు, ఊరు ఊరంతా ఒమానే, పున్నమ్మ అన్న పేరు ఈ దేశంలో మా ముగ్గురికే తెలుసు.

ఆ వెన్న వాసన. ఎక్కడో విన్నాను, వాసనని విన్నానంటే తప్పేమో, కానీ విన్నదే, అమ్మమ్మ నోట విన్నాను. బ్రాండెస్ భార్య పోయినప్పుడు. మంచు మోకాళ్లదాకా పడ్డ ఫిబ్రవరి, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మమ్మ పెద్ద గిన్నెతో పప్పూ ఇంకో దాంతో అన్నమూ గుడ్డలో మూటకడుతోంది. ఎక్కడికే అంటే, "ఎదురింట్లో ఇయ్యాల పొయ్యి ఎలగదు గదే" అంది. వాళ్లు పప్పన్నం తినరు అమ్మమ్మా, ఇక్కడ అలా వెళ్లకూడదు, కార్డు పంపుతారు అన్నాను. కార్డు కడుపుకి ఆనుద్దా అంది. చంకన మూటతో, ప్రసాద్ గనిబూట్లు తొడుక్కుని మంచులో రోడ్డు దాటింది. తీరా పోతే ఆ ఇంట్లో పొయ్యి భగభగ మండుతోందట. చావింట్లో అంత మంట, పైగా కమ్మటి వాసన, బల్లలంత రేకుల మీద కేకులు. నిర్ఘాంతపోయి గుమ్మంలోనే నిలబడిపోయిందట, ఇదేం అన్యాయం, మనిషి లోపల పడుకునుంటే పిండివంటలా అని. కాసేపు చూస్తే తెలిసిందట, వండేవాళ్లలో ఆ ఇంటి మనిషి ఒక్కరూ లేరు, కూతురూ లేదు కోడలూ లేదు, అందరూ పక్కిళ్ల ఆడవాళ్లే. "అప్పుడు నా పేణం కుదుటపడింది రమా, వీళ్లదీ మన పద్ధతే, మనం అన్నం ఎత్తుకుపోతాం, వీళ్లు పోయి అక్కడే వండుతారు." గిన్నెలు ఆ రేకుల మధ్య పెట్టి, కొంగు దోపుకుని, కాఫీ కప్పులు కడగడానికి కూచుందట. మర్నాడూ పోయింది, ఆ మర్నాడూ పోయింది. వచ్చిన ప్రతిసారీ తలారా నీళ్లు పోసుకుని, పళ్లు టకటకలాడుతూ వణుకుతూ, ఆ వణుకులోనే నవ్వుతూ. పప్పన్నం ఏమైంది అంటే, "అబ్బాయి తిన్నాడే, మాటాడకుండా తిన్నాడు, గిన్నె నాకినట్టు తిన్నాడు." ఆ తర్వాత నుంచే పొద్దున పిలుపు మొదలైంది. తెల్లారగానే కొట్టం తలుపు తీసి రోడ్డుకి అడ్డంగా ఆయన ఒక కేక పెట్టేవాడు, "ఒమా!" వంటింటి కిటికీలోంచి ఈవిడ, "ఆఁ, ఉన్నాలే!" అంతే, ఇంకో మాట లేదు, ఎవరి పనిలో వాళ్లు. నిద్ర చెడుతోందని నేను విసుక్కునేదాన్ని, ఆదివారమైనా వదలరా మీ ఇద్దరూ అని. "వయసుమళ్లినోళ్లం గదే, పిలిస్తే పలికామనుకో, ఆ పూటకి ఉన్నట్టే" అనేది. నిన్న పొద్దున పిలుపు లేదు. ఇవాళ పొద్దున లేదు. నేను మెలకువతో ఎదురుచూశాను కూడా.

పిలుపు. ఆవిడ అడిగిన రెండోది. అది మా తాతయ్య దగ్గర్నుంచి వచ్చిన కోరిక. ఆయన్ని తీసుకెళ్తుంటే మా వైపు ఆడవాళ్లు గడప దాటరు, ఈవిడ అరుగు స్తంభం పట్టుకుని నిలబడింది. దారి మధ్యలో దింపుడు కళ్లం చేస్తారు కదా, పాడె దించి చెవిలో పేరు పిలుస్తారు, ప్రాణం ఏ మూలనైనా మిగిలుంటే పలుకుతుందని, అది ఎవరో మగవాళ్లు పిలిచి వచ్చేశారు. "ఆళ్లు పిలిస్తే ఏం పలుకుతాడే, నేను పిలిస్తే పలికేవోడేమో" అని నాకు జడ వేస్తూ అనేది. ఏడుస్తూ కాదు, మామూలుగా, దువ్వెన పళ్లలో నూనె గుడ్డతో తుడుస్తూ. యాభై ఏళ్లు మోసింది ఆ అనుమానాన్ని. ఈ చేతులు నాకు అన్నం పెట్టాయి, నా కూతురికి పెట్టాయి, నేను పరాయి దేశంలో పరాయి పిల్లలకి సూదులు పొడిచి వైద్యం చేస్తున్నానంటే ఈ చేతులే చేయిస్తున్నాయి. ఎంత ఇచ్చావే నాకు. వేసవిలో మేనమామలాంటి ఎండ ఉండేది మన ఊళ్లో, గిల్లి గిల్లి వదిలేది, దాన్ని కూడా వదులుకుని వచ్చి ఈ మబ్బు కింద నా ఇల్లు వెచ్చగా ఉంచావు. నువ్వు నాకు దొరకడం నా అదృష్టం అమ్మమ్మా, ఇంకేం అనాలో తెలియడం లేదు, అదే అంటున్నాను. అడిగిన రెండూ ఇయ్యలేకపోతే నేను ఏ మొహం పెట్టుకుని.

కారు వచ్చింది. తలుపు చప్పుడు, కంకర మీద చక్రాల చప్పుడు, కంపెనీ ఆయన మెత్తటి గొంతు, ప్రసాద్ గొంతు. ఛాయ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చక్రాల బండి గుమ్మం దాకా వచ్చి ఆగింది, ఎవరో దాన్ని పక్కకి జరపమంటున్నారు. ఆ గొంతు నాకు తెలుసు.

గుమ్మంలో బ్రాండెస్. నల్లకోటు, పొడుగాటి నల్ల టోపీ చేతిలో. ఆయన వెనక అలాంటి కోట్లూ అలాంటి టోపీలే ఇంకో ఐదు, ఆయన కొడుకు, బేకరీ ఆయన, ట్రాక్టర్లు బాగుచేసే అన్నదమ్ములు, గనిలో ప్రసాద్‌తో పనిచేసే పొడుగాటి మనిషి. వాకిట్లో ఆడవాళ్లు, తలలకి నల్ల గుడ్డలు, ఒకావిడ చేతికి ఇంకా పిండి. ఆ పిండి చూడగానే నాకు పొద్దుటి నుంచీ వస్తున్న వాసన ఎవరి కోసమో తెలిసింది. పెట్టె అంచు పట్టుకున్నాను.

"మీరు నాకు చెప్పాలి, ఫ్రౌ ప్రసాద్," అన్నాడు బ్రాండెస్, కోపంగా కాదు గానీ కోపం లేకుండా కూడా కాదు. "ఎదురింటివాడికి ముందు చెప్పాలి. అతను ఇంటింటికీ చెబుతాడు. మీరు చెప్పకపోయినా నేను చెప్పాను."

"మాకు తెలియదు," అన్నాను. "మేం ఇక్కడివాళ్లం కాదు కదా అనుకున్నాం."

"మీ సంగతి నాకు తెలియదు," అన్నాడు. "ఒమా మా వంటింట్లో కప్పులు కడిగింది. పొరుగువాళ్లని పొరుగువాళ్లే మోస్తారు, కంపెనీ వాళ్లు కాదు." తర్వాత ప్రసాద్ భుజం మీది తువ్వాలు చూసి, "మీ వైపు ఎలా మోస్తారు?"

ప్రసాద్ తన భుజం తట్టి చూపించాడు. ఇక్కడివాళ్లు చేతుల్లో పట్టుకుని మోస్తారని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు ఆ నల్లకోట్లవాళ్లు తమ యాసలో ఏదో గొణుక్కుని, టోపీలు ఆడవాళ్లకిచ్చి, ఒకళ్ల ఎత్తు ఒకళ్లు చూసుకుని నిలబడ్డారు. ఎత్తారు. ఆ చెట్టంత మనుషుల మధ్య మా ఆయన భుజం అందలేదు, మడిచిన తువ్వాలు ఇంకో మడత వేసినా అందలేదు, చెయ్యి పైకెత్తి పెట్టె అడుగున ఆనించి నడిచాడు. అమ్మమ్మ చూసుంటే పడీ పడీ నవ్వేది. బ్రాండెస్ ముందు నడిచాడు, ఊరి చివరిదాకా మోస్తారట, కారు వెనక మెల్లగా వచ్చింది. చర్చి గంట మోగలేదు, ఆవిడ వాళ్ల మతం కాదుగా, దానికి ఎవరూ నొచ్చుకోలేదు. నేను గడప దగ్గర ఆగాను, ఏ అలవాటో ఆపింది, స్తంభం కోసం చెయ్యి వెతికింది. పిండి చేతి ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని "రండి, ముందు మీరే నడవాలి" అంది. ఇక్కడ ఆడవాళ్లు నడుస్తారు. నడిచాను. రోడ్డు చివర పొగమంచులోంచి భాస్కరమూర్తి కారు వచ్చి అడ్డదిడ్డంగా ఆగింది, అతను తలుపు వెయ్యకుండానే పరుగెత్తుకొచ్చి పెట్టె కింద చెయ్యి పెట్టాడు, అది చాలదు అన్నట్టు రెండో చెయ్యి కూడా.

బ్రాండెస్ గేటు ముందు ఆపమన్నాను. అక్కడ పాలడబ్బాలు పెట్టే రాతి అరుగు ఉంది, దాని మీద దించారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను వంగి, తల ఉండే వైపు చెక్కకి నోరానించి, అమ్మమ్మా అన్నాను, మళ్లీ అన్నాను, మూడోసారి "పున్నమ్మా" అన్నాను, పుట్టి బుద్ధెరిగాక ఆవిడ పేరు పెట్టి పిలవడం అదే. చెక్క చల్లగా ఉంది. నేను లేచాక బ్రాండెస్ నా వంక చూశాడు. మా దగ్గర ఇలా పిలుస్తారు, ఇంకా ఉంటే పలుకుతారని, అని చెప్పాను. ఆయన టోపీ తీసి కొడుకు చేతికిచ్చి, మోకాలి మీద చెయ్యి ఆనించి కష్టంగా వంగాడు. వంగి, చెవిలో చెప్పినట్టు కాదు, రోజూ కొట్టం తలుపు దగ్గర్నుంచి పిలిచినట్టే, రోడ్డుకి అడ్డంగా వినబడేలా, "ఒమా!"

అందరం ఆగాం. ఆయన అలాగే వంగి ఉన్నాడు, చెవి పెట్టె వైపు పెట్టి, ఈవిడ చేతిలో పని కింద పెట్టి కిటికీ దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. పశువులు కొట్టంలో కదిలాయి. మా వంటింటి కిటికీ వైపు ఒకసారి తల తిప్పి చూశాడు కూడా. తర్వాత మెల్లగా నిటారుగా నిలబడి, అక్కడున్న డాక్టరమ్మని నేనే కాబట్టి కాబోలు, నాతో చెప్పాడు.

"పలకడం లేదు."

మొన్న నాడి పట్టుకున్నది నేనే, డాక్టరుకి ఫోను చేసిందీ నేనే, అయినా నాకు అప్పుడు తెలిసింది.

"లేదు," అన్నాను. "పదండి."